నిర్లక్ష్యానికి గురైన కుక్క ఫోస్టర్ ఇంటికి వచ్చాక: సమస్య - కారణం - పరిష్కారం

గొలుసుకు కట్టి వదిలేసినవి, బోనులోనే పెరిగినవి, తిండి లేక ఎముకలగూడుగా మారినవి. ఇలాంటి కుక్కను కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని దత్తతకు సిద్ధం చేయడమే ఫోస్టర్ పని. మొదటి వారాల్లో సమస్యలన్నీ ఒక్కసారే మీద పడతాయి. తినదు, లేదా ఆగకుండా తింటుంది. దాక్కుంటుంది, గుర్రుమంటుంది, ఇల్లంతా తడిపేస్తుంది. ఏది ముందు పట్టుకోవాలో తెలియక టెన్షన్ పడతాం.

నేను పాటించే వరుస ఒకటుంది. ఏ లక్షణం కనిపించినా ముందు ఒంట్లో కారణం వెతుకుతాను. అక్కడ లేదని తేలాక భయంలో, ఆ తర్వాతే అలవాటులో. చెవిలో చీము పట్టిన కుక్క తల నిమిరితే కరవడానికి వస్తుంది. దానికి కావాల్సింది చెవిలో మందు, శిక్షణ కాదు. అందుకే కుక్కను తెచ్చిన రోజే వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి.

సమస్య: ఎముకలు తేలి ఉంది, ఎంత పెట్టినా చాలడం లేదు. కడుపునిండా తిన్న మర్నాడు మరీ నీరసపడిపోయింది

కారణం: ఇక్కడ ప్రేమతోనే ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఉంది. చాలా రోజులు పస్తున్న ఒళ్ళు కొవ్వునూ కండనూ కరిగించుకుంటూ బతుకుతుంది. ఒక్కసారిగా తిండి, అందులోనూ పిండి పదార్థం ఎక్కువున్న తిండి పడగానే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. దాంతో వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా తిండి మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది.

పరిష్కారం: ఎంత పెట్టాలో కళ్ళతో చూసి నిర్ణయించకూడదు, లెక్క వేయాలి. విశ్రాంతిగా ఉన్న కుక్కకు రోజుకు కావాల్సిన శక్తి లెక్క ఇది: బరువును కిలోల్లో తీసుకుని 0.75 ఘాతానికి హెచ్చించి, 70తో గుణించాలి. 10 కిలోల కుక్కకు దాదాపు 394 కిలో క్యాలరీలు వస్తుంది. ఉండాల్సిన బరువు కాకుండా ఇప్పుడున్న బరువుతోనే లెక్క కట్టాలి. మొదటి రోజు అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే, ఐదారు చిన్న భాగాలుగా పెట్టాలి. ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ, కుక్క పరిస్థితిని బట్టి 4 నుంచి 10 రోజుల్లో పూర్తి లెక్కకు తీసుకెళ్ళాలి. పిండి పదార్థం తక్కువగా, మాంసకృత్తులూ కొవ్వూ ఎక్కువగా ఉన్న ఆహారం ఏదో డాక్టర్‌నే అడగండి. బాగా చిక్కిపోయిన కుక్కకు ఈ రోజుల్లో రక్తపరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయించాల్సి వస్తుంది, ఆ ఖర్చుకు వెనకాడొద్దు. అది గిన్నె నాకుతూ మీ మొహంలోకి చూస్తుంటే మనసు ఆగదు. అయినా ఆగాలి.

ఒంటి తీరును 1 నుంచి 9 వరకు కొలిచే స్కోరు ఒకటుంది. 1 అంటే ఎముకలగూడు, 4 లేదా 5 ఉంటే బాగున్నట్టు. వారానికోసారి బరువు, ఈ స్కోరు, పక్కనుంచీ పైనుంచీ ఒక్కో ఫోటో తీసి రాసిపెట్టుకోండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. ఈ ఫోటోలు తర్వాత దత్తత సమయంలోనూ పనికొస్తాయి.

ఎంత తిన్నా బరువు పెరగకపోతే కడుపులో పురుగులు, పళ్ళ నొప్పి, తిన్నది అరిగించుకోలేని జబ్బు ఉన్నాయేమో చూడాలి. చిగుళ్ళు గులాబీ రంగులో కాకుండా పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు. కొంకిపురుగులు, ఒళ్ళంతా పిడుదులు, పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా, బబీసియా జబ్బులు ఇందుకు మామూలు కారణాలు. నులిపురుగుల మందు ఒక్క మోతాదుతో సరిపోదు, డాక్టర్ చెప్పిన రోజుకు మళ్ళీ వేయాలి.

సమస్య: విరేచనాలు, వాంతులు

తిండి మారినందుకో, బెంగతోనో, పురుగుల వల్లనో ఒకటి రెండు రోజులు విరేచనం పలచగా రావచ్చు. రక్తం పడుతున్నా, వాంతులు ఆగకపోయినా, టీకాలు లేని కుక్కపిల్ల అయినా పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బును అనుమానించి వెంటనే పరుగెత్తాలి. గంటల్లో ఒంట్లో నీరంతా పోతుంది.

పార్వో వైరస్ సోకాక లక్షణాలు రెండు వారాల లోపు బయటపడతాయి. కాబట్టి మీ ఇంట్లో వేరే కుక్కలుంటే కొత్తదాన్ని కనీసం 14 రోజులు వేరే గదిలో ఉంచండి. గిన్నెలు, పరుపు, శుభ్రం చేసే గుడ్డ అన్నీ విడిగా ఉండాలి. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బుకు చావదు. ముందు మురికి కడిగేసి, తర్వాత ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు 32 వంతుల నీళ్ళు కలిపి, దాంతో ఆ చోటును 10 నిమిషాలు తడిగా ఉంచాలి.

సమస్య: జుట్టు ఊడిపోయింది, రక్తం వచ్చేలా గోక్కుంటోంది

కారణం: గజ్జి రెండు రకాలు. చెవి అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర విపరీతమైన దురదతో వచ్చేది సార్కోప్టిక్ గజ్జి. ఇది వేరే కుక్కలకూ మనకూ అంటుకుంటుంది. ఇంట్లోవాళ్ళకూ దురద మొదలైతే దీన్ని అనుమానించాలి. కళ్ళ చుట్టూ, ముందు కాళ్ళ మీద మచ్చల్లా జుట్టు ఊడి, మొదట్లో పెద్దగా దురద లేకపోతే డెమోడెక్టిక్ గజ్జి కావచ్చు. అది అంటుకోదు, రోగనిరోధక శక్తి తగ్గిన కుక్కల్లో ముదురుతుంది. వీటితోపాటు తామర ఉండొచ్చు. అదీ మనుషులకు అంటుకుంటుంది కనుక చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి.

పరిష్కారం: చర్మాన్ని గీరి మైక్రోస్కోప్‌లో చూస్తారు. సార్కోప్టిక్ పురుగు ఆ పరీక్షకు తరచు దొరకదు, అందుకే అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు నేరుగా మందు మొదలుపెడతారు. ఫ్లూరలనర్, అఫాక్సొలనర్ లాంటి మాత్రలు రెండు రకాల గజ్జికీ పనిచేస్తున్నాయి. ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కకైతే ఆ సంగతి ముందే చెప్పాలి. పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌ను సొంతంగా కొలిచి ఇవ్వడం ప్రమాదం. కోలీ అనే జాతి సంతతి కుక్కల్లో జన్యులోపం వల్ల అది మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. వాడేసిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ పూయడం గురించి ఎవరు చెప్పినా వినొద్దు. అవి చర్మాన్ని కాలుస్తాయి, నాకితే లోపలికి పోతాయి. మనుషుల నొప్పి మాత్రలూ అంతే. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మనకు మామూలు మందులు, కుక్కకు విషమవుతాయి.

జుట్టు అట్టలు కట్టి ఉంటే స్నానానికి ముందే తీయించాలి, తడిస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి. కత్తెరతో వద్దు, చర్మం ముడతపడి అట్టలోకి వచ్చి తెగుతుంది. క్లిప్పర్‌తో తీయించి, కింద పుండ్లు, పురుగులు ఉన్నాయేమో చూడాలి. గోళ్ళు మరీ పెరిగి వంకరపోయి ఉంటే లోపలి రక్తనాళం కూడా వాటితో పాటే పొడుగవుతుంది. ఒకేసారి పొట్టిగా కత్తిరించకుండా వారం పది రోజులకోసారి కొనలు మాత్రం తీస్తుంటే అది మెల్లగా వెనక్కి జరుగుతుంది.

సమస్య: మూలన నక్కి కూర్చుంటుంది, దగ్గరికి వెళ్తే బిగుసుకుపోతుంది

కారణం: ఒళ్ళు నొప్పి లేదని తేలాక, ఇది భయం. కుక్కపిల్లలు లోకాన్ని అలవాటు చేసుకునే వయసు దాదాపు 3 నుంచి 14 వారాలు. ఆ వయసంతా చీకటి గదిలో గడిపినదానికి మనిషి చేయి, చీపురు, మెట్లు, టీవీ శబ్దం అన్నీ కొత్తే. కదలకుండా పడి ఉందంటే 'శాంతంగా ఉంది' అని పొరబడతాం. నిజానికి భయంతో మూసుకుపోయి ఉంటుంది. పెదాలు నాకడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, తోక కాళ్ళ మధ్య దాచడం గుర్తులు.

పరిష్కారం: జనం తిరగని చిన్న గది, అందులో ఒకవైపు తెరిచి ఉన్న గూడు లాంటి చోటు ఇవ్వండి. అక్కడినుంచి లాగొద్దు, చుట్టాలను పిలిచి చూపించొద్దు. రోజుకు కొన్నిసార్లు వెళ్ళి, దానికి పక్కగా నేల మీద కూర్చుని, దాని వైపు చూడకుండా ఇష్టమైన ముక్కలు విసిరి లేచి వచ్చేయండి. మీ చేతి నుంచి తినమని బలవంతపెట్టొద్దు. ఆకలి కోసం దగ్గరికి వచ్చి, తిన్నాక ఇంత దగ్గరగా ఉన్నానా అని ఉలిక్కిపడి కరిచే కుక్కలుంటాయి. ముక్కను దాని వెనక్కి విసిరితే దూరం జరగడమే బహుమతి అవుతుంది, మళ్ళీ తానే వస్తుంది.

అదే వచ్చి ఆనుకున్నాక ఛాతీ మీద మూడు సెకన్లు నిమిరి చేయి తీసేయండి. మళ్ళీ ఆనుకుంటే నిమరండి, మొహం తిప్పుకుంటే ఆపండి. వద్దంటే వింటారని దానికి తెలిసిన రోజు నుంచి మార్పు వేగంగా వస్తుంది. మొదటి మూడు రోజులు బిత్తరపోవడం, మూడు వారాలకు రోజువారీ పద్ధతి పట్టుకోవడం, మూడు నెలలకు ఇల్లు తనదనుకోవడం అని ఫోస్టర్లు ఒక అంచనా చెప్పుకుంటారు. అది అంచనా మాత్రమే, బాగా దెబ్బతిన్నవి ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటాయి.

రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. వారాలు గడిచినా భయం ఇసుమంతైనా తగ్గకపోతే మందుల గురించి అడగండి. ఫ్లూఆక్సెటిన్ లాంటివి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుక్కకు మానసిక మందు అంటే మొహమాటపడేవాళ్ళున్నారు. నేర్చుకోగల స్థితికి దాన్ని తీసుకురావడం కూడా వైద్యమే.

సమస్య: గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటుంది

కారణం: ఆకలి చూసిన జంతువు తిండిని కాపాడుకుంటుంది. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని తిట్టి మాన్పిస్తే తర్వాతిసారి హెచ్చరిక లేకుండా కరవవచ్చు.

పరిష్కారం: తినేటప్పుడు ఒంటరిగా వదిలేయండి. 'యజమాని ఎవరో తెలియాలి' అని మధ్యలో గిన్నె లాగే పద్ధతి భయాన్ని పెంచుతుంది. కొన్ని రోజులయ్యాక అది బిగుసుకోని దూరంలోంచి నడుస్తూ గిన్నెలో ఉన్నదానికన్నా మంచి ముక్క ఒకటి విసిరి ఆగకుండా వెళ్ళిపోండి. దూరం మెల్లగా తగ్గించండి. నోట్లో వస్తువు ఉంటే లాక్కోకుండా మార్పిడి చేయండి. పిల్లలు ఆ గదిలోకి రాకూడదు, ఇందులో మినహాయింపు లేదు.

సమస్య: ఇంట్లోనే తడుపుతోంది

మీరు వంగి పలకరించగానే చుక్కలు పడితే అది లొంగుబాటు. వంగకండి, పక్కకు తిరిగి కూర్చోండి, తిట్టకండి. మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తుంటే మూత్రపరీక్ష చేయించండి. ఆపరేషన్ కాని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు విపరీతంగా నీళ్ళు తాగుతూ నీరసంగా ఉంటే గర్భాశయంలో చీము కావచ్చు. అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతి.

ఇవేవీ కాకపోతే దానికి నేర్పినవాళ్ళు లేరు. కట్టేసిన చోటే అన్నీ కానిచ్చిన కుక్క అది. లేవగానే, తిన్నాక, ఆడాక లీష్‌తో ఒకే చోటుకు తీసుకెళ్ళి, పని కాగానే అక్కడికక్కడే బహుమతి ఇవ్వండి. లోపల తడిపిన చోటును ఎంజైమ్ క్లీనర్‌తో తుడవాలి, అమ్మోనియా ఉన్న ద్రావణాలు అదే వాసనను గుర్తుచేస్తాయి.

సమస్య: తలుపు తెరిస్తే దూసుకుపోతోంది, లీష్ వేస్తే కూలబడుతోంది

మొదటి వారాల్లో తప్పిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. భయపడిన కుక్క వెనక్కి నడుస్తూ కాలర్‌లోంచి తల తీసేస్తుంది. బయటకు వెళ్తే హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) ఒక లీష్, లాగితే కాస్త బిగిసే మార్టింగేల్ కాలర్‌కు ఇంకోటి. వీధి తలుపుకు ముందు మరో అడ్డు ఉండాలి. చర్మం కింద ఉండే మైక్రోచిప్ నంబర్‌తో నమోదైన ఫోన్ నంబర్ ప్రస్తుతం పనిచేస్తోందో లేదో మొదటి రోజే చూసుకోండి. లీష్ అలవాటు లేనిదాన్ని ఈడ్వకుండా, ఇంట్లోనే కాసేపు తేలికైన తాడు తగిలించి, మీ కళ్ళ ముందే తిరగనివ్వండి.

తప్పించుకుంటే గుంపుగా వెంటపడొద్దు. అది చివరిగా కనిపించిన చోట దాని పరుపు, తిండి పెట్టి, దగ్గరికొస్తే మీరు నేల మీద కూర్చోండి.

సమస్య: మూడు వారాలు బాగుంది, ఇప్పుడు మొరుగుతోంది, అన్నీ కొరుకుతోంది

ఇది నాకు సంతోషం కలిగించే సమస్య. ఒంట్లో శక్తి వచ్చింది, భయం తగ్గింది, అసలు స్వభావం ఇప్పుడే బయటికొస్తోంది. నమలడానికి వస్తువులు, ముక్కుతో వెతికే ఆటలు, రోజూ ఒకే వేళకు నడక ఇవ్వండి. గుండెపురుగు (దోమకాటుతో ఒంట్లో చేరే పురుగు) ఉందని తేలిన కుక్కకు మాత్రం చికిత్స పూర్తయి డాక్టర్ సరేననేదాకా పరుగులూ దూకుళ్ళూ వద్దు.

మీరు బయటికెళ్ళగానే ఆర్తనాదం చేస్తూ తలుపు గీరుతుంటే అల్లరిగా తీసుకోవద్దు, అది ఒంటరితనపు భయం. ఫోన్‌లో రికార్డు చేసి ఎన్ని సెకన్లకు మొదలవుతుందో చూడండి. అంతకన్నా తక్కువ సేపు వెళ్ళి రావడంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. బోనులో పెట్టి తాళం వేస్తే పళ్ళు విరగ్గొట్టుకోవచ్చు.

సమస్య: చూడటానికి వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళిపోతున్నారు, లేదా తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేస్తున్నారు

కారణం ఎక్కువగా మన ప్రకటనలో ఉంటుంది. 'పాపం, చాలా మంచిది, అందరితో కలిసిపోతుంది' అని రాస్తే జాలిపడినవాళ్ళు వస్తారు, మూడో రోజు ఫోన్ చేస్తారు. ఉన్నది రాయండి. మగవాళ్ళను చూస్తే దాక్కుంటుంది, నాలుగు గంటలకు మించి ఒంటరిగా ఉండలేదు, తోడు కుక్క ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఇలా రాస్తే వచ్చేవాళ్ళు తగ్గుతారు. ఉంచుకునేవాళ్ళు దొరుకుతారు. కొన్ని కుక్కలు జీవితాంతం పిరికిగానే ఉంటాయి, వాటికీ ఇల్లు ఉంటుంది, కాకపోతే సందడి లేని ఇల్లు వెతకాలి.

ఒక్కసారి చూసి తీసుకెళ్ళడం కాకుండా రెండు మూడు సార్లు రమ్మనండి. మొదటిసారి మీ ఇంట్లో, తర్వాత నడకలో. అప్పగించే ముందు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకాలు పూర్తి కావాలి. మొదటి వారాల్లోనే గుండెపురుగు పరీక్ష చేయించి ఉంటే, ఆరు నెలలకు మళ్ళీ చేయించాలని కాగితం మీద రాసివ్వండి. దోమ కుట్టి పురుగు చేరిన ఆరు నెలల దాకా ఆ పరీక్షలో బయటపడకపోవచ్చు.

కుక్కతోపాటు అది పడుకున్న దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి. వారం పది రోజులకు సరిపడా పాత తిండి ఇచ్చి, కొత్తదాన్ని మెల్లగా కలపమని చెప్పండి. ఏ వేళకు తింటుంది, ఏ మాట తెలుసు, దేనికి భయం, ఎక్కడ ముట్టుకుంటే ఇష్టం, తాళం వేసే ముందు ఏం చేస్తే నెమ్మదిస్తుంది, ఇవన్నీ ఒక పేజీలో రాయండి. కొత్త ఇంట్లోనూ రెండు లీష్‌ల నియమం మొదటి రోజు నుంచే మళ్ళీ మొదలవ్వాలని గట్టిగా చెప్పి, మూడో రోజున, మూడో వారంలో మీరే ఫోన్ చేయండి.