కాలేయ కణాల్లో కొలెస్ట్రాల్ తయారీ: అసిటేట్‌ను ఒక్కదాన్నే నమ్మకండి

కాలేయ కణాలు కొలెస్ట్రాల్‌ను ఎంత వేగంగా తయారు చేస్తున్నాయో తేల్చడానికి కార్బన్-14 అసిటేట్ (కణాలు కొలెస్ట్రాల్‌గా మార్చుకునే, రేడియోధార్మిక గుర్తు ఉన్న చిన్న అణువు) ఒక్కటే చాలదు. కొవ్వు ఆమ్లాలు, గ్లూకోజు నుంచి కణంలోనే పుట్టే అసిటైల్ కోఎంజైమ్-ఏ (కొలెస్ట్రాల్‌కు ముడిసరుకు, అసిటేట్ కూడా ముందు ఇదే అవుతుంది) ఆ గుర్తును పలచన చేస్తుంది. పాలలో ఎన్ని నీళ్లు కలిశాయో తెలియకుండా చిక్కదనం చెప్పడం లాంటిదే ఇది. ఒలియేట్ అనే కొవ్వు ఆమ్లం వేసిన కణాల ప్లేటులో రేడియోధార్మికత లెక్క పడిపోతే, తయారీయే తగ్గిందని పొరబడతాం. ట్రిటియం నీరు (రేడియోధార్మిక హైడ్రోజన్ ఉన్నది) గానీ భారజలం (రేడియోధార్మికత లేని బరువైన హైడ్రోజన్ ఉన్నది) గానీ వాడండి, ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. నీరు కణమంతా ఇట్టే పరుచుకుంటుంది కదా! రేడియోధార్మిక పదార్థాలకు అనుమతి లేని ప్రయోగశాలలో భారజలమే మేలు. కొలత మాస్ స్పెక్ట్రోమీటరుతో.

ఇంకొక మాట. ప్రతిసారీ ఒక ప్లేటులో స్టాటిన్ (కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే మందు) తప్పక వేయండి. అందులోనూ సంకేతం తగ్గకపోతే, క్షారంతో ఉడికించాక కొవ్వు ఆమ్లాలు కొలెస్ట్రాల్ నుంచి సరిగా వేరుపడ్డాయో లేదో ముందు చూసుకోండి, వాటిలోనూ గుర్తు చేరుతుంది కదా.