తుఫాను వెలిశాక మెయిన్ వేసే ముందు

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మళ్లీ అవే నెలలు వస్తున్నాయి. ఉద్దానం వాళ్లు ఇవి గుర్తుంచుకోండి.

గాలి ఆగగానే మెయిన్ స్విచ్ వేయొద్దు. సర్వీసు వైరు ఒరుసుకుపోయినా, గోడ చెమ్మెక్కినా రేకులకీ, బట్టలారేసే తీగకీ కరెంటు పాకుతుంది. ప్రాణం పోవడానికి ఈ తప్పొక్కటే చాలు. ఎలక్ట్రీషియన్ చూశాకే వేయండి.

కొబ్బరిచెట్టు నిలబడే ఉన్నా దాని మొదట్లో నేల చూడండి. మట్టి పగిలితే వేళ్లు కదిలినట్టే. ఆ చెట్టు పక్క గదిలో ఎవరినీ పడుకోనివ్వొద్దు.

రేకులను ఇంట్లోంచే చూడండి. రేకును పట్టి ఉంచే హుక్కు చుట్టూ వెలుతురు కనిపిస్తే కన్నం సాగింది, తర్వాతి గాలికి రేకు లేచిపోతుంది. తడి రేకు మాత్రం ఎక్కొద్దు.

బావినీళ్లు తేటగా ఉన్నా క్లోరిన్ కలిపేదాకా మరిగించే తాగండి.

బాగుచేయించే ముందే ఫొటోలు తీయండి. నష్టం రాసుకునేవాళ్లు వచ్చేసరికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.