పెళ్లి షూట్‌కి కెమెరా స్ట్రాప్ కొనేముందు జాగ్రత్తలు

ముందు బరువు తూచండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి 70-200 ఎఫ్/2.8 లాంటి పెద్ద జూమ్ లెన్స్ తగిలిస్తే రెండు కిలోలు దాటడం మామూలే. స్నాతకం నుంచి అప్పగింతల దాకా అదంతా మెడ మీదే మోస్తే మెడ పట్టేస్తుంది. భుజం మీదుగా అడ్డంగా వేసుకునే స్లింగ్ స్ట్రాపే నయమని నా అభిప్రాయం. చిన్న లెన్స్ అయితే కెమెరాతో వచ్చిన పట్టీ చాలు.

స్లింగ్ రకాలు చాలావరకు కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే 1/4 అంగుళం రంధ్రానికే బిగుస్తాయి. నడుస్తున్నకొద్దీ ఆ మర వదులయ్యే ప్రమాదం ఉంది. రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. జీలకర్ర-బెల్లానికి ముందోసారి, తలంబ్రాలకు ముందోసారి చేత్తో తడిమి బిగించండి. కెమెరా పక్కనుండే కొక్కేనికి సేఫ్టీ తాడు కూడా కట్టండి, ఇది మాత్రం దయచేసి మానొద్దు. పెద్ద లెన్స్‌కి కాలర్ (ట్రైపాడ్ బిగించడానికి లెన్స్ చుట్టూ ఉండే రింగు) ఉంటే స్ట్రాప్ అక్కడే తగిలించాలి, లేదంటే లెన్స్ బరువు మౌంట్ (లెన్స్, కెమెరా కలిసే చోటు) మీద పడుతుంది.

నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) పట్టీ మెత్తగా ఉంటుంది కానీ సాగుతుంది, నడుస్తుంటే కెమెరా ఊగుతుంది. ఎండాకాలం ముహూర్తాలకి చెమట కూడా పడుతుంది.

షాపుకి మీ కెమెరా, లెన్స్ తీసుకెళ్లండి. వేసుకుని నడవండి, వంగండి, గబుక్కున కంటి దగ్గరికి ఎత్తి చూడండి.