కాన్పుకు ముందే సిద్ధం చేసుకోవలసిన ఉల్లి, టమాటా ముద్ద

నెలలు నిండాక పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడటం కష్టం. బిడ్డ పుట్టాక ఉల్లిపాయలు తరిగి వేయించేంత తీరిక ఇంట్లో ఎవరికీ దొరకదు. కూరలో ఎక్కువ సమయం పట్టేది ఆ భాగమే కాబట్టి, దానిని ముందే చేసి ఫ్రీజర్‌లో ఉంచుకుంటే మిగిలిన వంట ఎంతో తేలికవుతుంది.

కిలో ఉల్లిపాయలను కూర్చునే సన్నగా తరిగి, అరకప్పు నూనెలో బంగారు రంగు వచ్చేవరకు వేయించి, కిలో టమాటా ముక్కలు, రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి, తడి ఇంకి అంచుల వెంట నూనె తేలేవరకు మగ్గనివ్వాలి. గర్భిణికి ఏ వాసన ఎప్పుడు పడదో చెప్పలేము కనుక, కారం, మసాలాలు వండేరోజు వేసుకోవడమే మేలు. ముద్దను వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, జిప్ సంచుల్లో నింపి, గాలి తీసి, వేలి మందాన చదునుగా ఒత్తాలి. చాకు మొద్దు వైపుతో సంచి పైనుంచే అరచేతిలో సగమంత గళ్లు పడేలా నొక్కి, తేదీ రాసి, రెండు గంటలలోపే ఫ్రీజర్‌లో పడుకోబెట్టాలి. గడ్డకట్టిన ముద్ద చాక్లెట్ బిళ్లలా ఆ గీతల వెంటే విరుగుతుంది. ఇద్దరి కూరకు రెండు గళ్లను కరిగించకుండానే బాణలిలో వేసుకోవచ్చు. మైనస్ 18 డిగ్రీల వద్ద 3 నెలల వరకు రుచి బాగుంటుంది.

కరెంటు ఎక్కువసేపు పోయి ముద్ద పూర్తిగా కరిగి, చల్లదనం కూడా పోతే, వాసన బాగానే ఉన్నా దానిని తప్పక పారవేయాలి.