మానవ డీహెచ్‌ఎఫ్‌ఆర్ ఎంజైమ్ పనితీరును కొలిచే విధానం

డీఎన్‌ఏకి కావలసిన థైమిడిలేట్ తయారైన ప్రతిసారీ ఒక డైహైడ్రోఫోలేట్ అణువు మిగులుతుంది. దాన్ని తిరిగి టెట్రాహైడ్రోఫోలేట్‌గా మార్చేదే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్, అంటే డీహెచ్‌ఎఫ్‌ఆర్. ఈ చర్యలో ఎలక్ట్రాన్లను అందించే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు ఖర్చవుతుంది కనుక 340 నానోమీటర్ల కాంతి దగ్గర అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత) తగ్గుతూ పోతుంది. ఆ తగ్గే వేగాన్నే కొలుస్తాం.

బఫర్‌గా 50 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్, పీహెచ్ 7.5, అందులో ఆక్సీకరణ జరగకుండా కాపాడే డీటీటీ 1 మిల్లీమోలార్. 1 సెంటీమీటర్ క్యువెట్‌లో 934 మైక్రోలీటర్ల బఫర్, 10 మిల్లీమోలార్ ఎన్‌ఏడీపీహెచ్ 6 మైక్రోలీటర్లు, ఎంజైమ్ 10 మైక్రోలీటర్లు కలిపి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు నిమిషాలు ఉంచండి. అబ్జార్బెన్స్ గీత నిలకడగా ఉందని చూశాక 1 మిల్లీమోలార్ డైహైడ్రోఫోలేట్ 50 మైక్రోలీటర్లు వేసి, క్యువెట్‌ను తలకిందులు చేసి కలిపి, వెంటనే రీడింగ్ మొదలుపెట్టండి.

లెక్కకు మోలార్ ఎక్స్‌టింక్షన్ గుణకంగా (1 మోలార్ ద్రావణం 1 సెంటీమీటర్ దారిలో చూపే అబ్జార్బెన్స్) 12,300 వాడాలి, ఎన్‌ఏడీపీహెచ్ ఒక్కదానిదైన 6,220 కాదు. 340 దగ్గర డైహైడ్రోఫోలేట్ అబ్జార్బెన్స్ కూడా పడిపోతుంది కాబట్టి రెండూ కలిసిన విలువ ఇది. నిమిషానికి 0.0246 తగ్గితే 2 మైక్రోమోలార్, అంటే 1 మిల్లీలీటర్‌లో 2 నానోమోల్స్. 10 మైక్రోలీటర్ల ఎంజైమ్ వేశాం కాబట్టి మిల్లీలీటర్‌కు 0.2 యూనిట్లు (ఒక యూనిట్ అంటే నిమిషానికి 1 మైక్రోమోల్). ఇంతకంటే బాగా వేగంగా పడుతుంటే ఎంజైమ్‌ను పలుచన చేయండి. సబ్‌స్ట్రేట్‌లో (ఇక్కడ డైహైడ్రోఫోలేట్) మొదటి పదో వంతు ఖర్చయ్యే లోపు వచ్చిన గీతనే నమ్మాలి.

ఫలితం తేడాగా వస్తే ఎంజైమ్‌ను అనుమానించే ముందు డైహైడ్రోఫోలేట్‌ను చూడండి. గాలి తగిలితే అది ఆక్సీకరణ చెంది ఫోలిక్ ఆమ్లమవుతుంది. మానవ ఎంజైమ్ ఫోలిక్ ఆమ్లాన్ని చాలా నెమ్మదిగా మారుస్తుంది. స్టాక్‌ను మెర్‌కాప్టోఇథనాల్ కలిపిన బఫర్‌లో చేసి, చిన్న భాగాలుగా పంచి, వెలుతురు తగలకుండా మైనస్ 80 దగ్గర దాచండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించవద్దు. స్టాక్ బాగుందా అన్నది తేల్చడానికి ఎంజైమ్ ఎక్కువ వేసి చర్య ఆగేదాకా వదలండి: క్యువెట్‌లో డైహైడ్రోఫోలేట్ 50 మైక్రోమోలార్ కాబట్టి మొత్తం తగ్గుదల 0.615 రావాలి. 0.3 దగ్గరే ఆగితే సగం పాడైనట్టే.

కణాలను పగలగొట్టి తీసిన ద్రావణంలో, అంటే లైసేట్‌లో, వేరే ఎంజైమ్‌లు కూడా ఎన్‌ఏడీపీహెచ్‌ను తింటాయి. అందుకే డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ను అడ్డుకునే మందు మెథోట్రెక్సేట్ 1 మైక్రోమోలార్ కలిపిన క్యువెట్ ఒకటి పక్కన నడపండి. అందులో మిగిలిన వేగాన్ని తీసివేస్తే డీహెచ్‌ఎఫ్‌ఆర్ వాటా తెలుస్తుంది. మెథోట్రెక్సేట్‌ను ఎంజైమ్, ఎన్‌ఏడీపీహెచ్‌లతో పది నిమిషాలు ముందే కలిపి ఉంచాలి. ఇది విషపదార్థం, గ్లవ్స్ తప్పనిసరి. పైగా పికోమోలార్ స్థాయిలోనే ఎంజైమ్‌ను గట్టిగా పట్టుకుంటుంది కనుక, ఆ క్యువెట్‌ను మామూలు కొలతలకు మళ్లీ వాడకండి.