నాటకం క్యాన్సిల్ అయితే అసలు కారణం ఎట్ల పట్టుకోవాలె

"అనివార్య కారణాల వల్ల ప్రదర్శన రద్దు చేయడమైనది" అని ఫోన్ల ఒక్క లైను కనవడ్డదంటే చాలు, మన హనుమకొండల పద్యనాటకమంటే పానం పెట్టేటోళ్లందరం ఒక్కటే ముచ్చట షురూ చేస్తం, కృష్ణుని ఏషం కట్టేటాయనకు ఏమైందట అని. గొంతు పోయిందట, పైసలు ఎక్కువడిగిండట, ఇంట్ల లొల్లట. నేను గుడ అసొంటి మాట ఒకటి పుట్టిచ్చిన. మూడేండ్ల కింద పబ్లిక్ గార్డెన్ దిక్కు చాయ్ తాక్కుంట, కృష్ణుని ఏషం కట్టే ఒక పెద్దాయన గురించి నలుగురితోని "పెద్దాయనకు గొంతు లేస్తలేదట" అన్న. నాకు ఎవలు చెప్పలే, అంతకు ముందటి ప్రోగ్రాంల ఒక పద్యానికి రాగం కురచ తీసిండని నాకు నేనే అనుకున్న. వారం తిరగకముందే ఆ మాట కరీంనగర్ దాక పోయింది, ఆడ ఆయనకు ఒప్పుకున్న ప్రోగ్రాం ఇంకొకాయనకు ఇచ్చిన్రు. తీరా చూస్తే కారణం హాలు, వేరే మీటింగు పడ్డదని ముందు రోజు రాత్రి హాలోళ్లు కాదన్నరట, ఆయన గొంతు మంచిగనే ఉండె. అప్పటిసంది నాటకం ఆగిందంటే నేను కారణం ఎట్ల ఎతుకుతనో చెప్తున్న, ఆర్టిస్టు దాక ఆఖరికి పోవాలె, మొదలే పోవద్దు.

ముందుగాల్ల ఆ మెసేజి రెండుసార్లు చదువుండ్రి. వాయిదా అని ఉందా, రద్దు అని ఉందా. వాయిదా అని రాసి కిందనే కొత్త తారీఖు ఇచ్చిన్రంటే అది చానామట్టుకు హాలు ముచ్చటనో వాన ముచ్చటనో అయితది, ఎందుకంటే గొంతు పట్టుకున్నోనికి ఫలానా తారీఖుకు తక్కువైతదని ఎవ్వలు చెప్పలేరు గదా. తారీఖు లేకుంట ఉత్త రద్దు అంటే అప్పుడు పైసల దిక్కు చూడాలె. కొత్త ఫ్లెక్సీల పేర్లు ఎట్ల ఉన్నయో గుడ చూడుండ్రి, పెద్దాయన పేరు అట్లనే ఉంటే ఇగ ఆయన గురించి మాట్లాడుడు బంద్ పెట్టొచ్చు.

తర్వాత తారీఖు. అది ఏ వారంల పడ్డదో క్యాలెండర్ తియ్యుండ్రి. రెండేండ్లకొకసారి మేడారం జాతర నాలుగు రోజులు ఉంటది, ఆ వారం బస్సులు, పోలీసులు, జనం అందరు ఆ తొవ్వనే పడ్తరు, హనుమకొండల నాటకం చూసెతందుకు ఎవలుంటరు. ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే పర్మిషన్ల పని పెరుగుతది. మైకు రాత్రి పదింటికి బంద్ చెయ్యాలె, 2000ల వచ్చిన సౌండు రూల్సు అవి, తెల్లారెదాక ఆడే నాటకాన్ని బయట పందిట్ల పెడ్దామనుకున్నోళ్లు ఆడనే ఆగిపోతరు. వాన సంగతి మనకు చెప్పే పనే లేదు, 2023 జూలైల నయీంనగర్ దిక్కు నీళ్లు ఎట్ల వచ్చినయో చూసినోళ్లమే. హాలు గురించైతే ఫోన్లు చేసుడుకన్న పొయ్యి అడుగుడే నయం, నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం కానీ, 2024ల తెరిచిన కాళోజీ కళాక్షేత్రం కానీ, ఆ రోజు బుకింగు ఇంకా నాటకమోళ్ల పేరు మీదనే ఉన్నదా అని అడుగుతే సగం పని ఐపోతది.

ఇగ అసలు ముచ్చట ఇది, దీనిమీద జర ఎక్కువసేపు ఉంట. ఆర్టిస్టు రాకపోతే నాటకం ఆగుతదా ఆగదా అన్నది ఆ ఆటను బట్టి ఉంటది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలే తీసుకోండ్రి, మనం కురుక్షేత్రం అంటం. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొక కృష్ణుడు, పెద్ద ప్రోగ్రాం అయితే మూడో ఆయన గుడ ఉంటడు. ఒకలు రాకపోతే పడక కృష్ణుడే రాయబారం గుడ ఎత్తుకుంటడు, పద్యాలన్ని వాళ్లకు నోటికే వస్తయి. అంటే ఆయన రాలేదని మొత్తం నాటకమే ఆగుడు చానా తక్కువ. హార్మోనియం ఆయన రాకపోతే మాత్రం నిజంగనే ఆగుతది. ఎవలు ఎన్నో శ్రుతిల పాడ్తరు, పద్యం అయినంక రాగం ఎంతసేపు తీస్తరు, వన్స్ మోర్ పడ్తే మళ్ల ఆడికెల్లి ఎట్ల అందుకుంటరు, ఇదంత ఎరుకున్నోడు వెనుక కూసుంటేనే ముందటాయన ధైర్యంగ నోరు తెరుస్తడు. మనం స్టేజీ మీద కిరీటం పెట్టుకున్నాయనను చూస్తం, పక్కకు పెట్టె ముందట కూసున్నాయన పేరు గుడ అడగం, నాటకం ఆగినప్పుడు నేను ముందు అడిగేది ఆయన గురించే.

ఒగ్గు కథ అట్ల కాదు. ఆడ కథ చెప్పేటాయన ఒక్కడే మూల స్తంభం, డోళ్లు కొట్టేటోళ్లు, వంత పాడేటోళ్లు ఎందరున్నా ఆయన పడుకుంటే ఆ రాత్రి కథ లేదు. చిందు యక్షగానం ఇంకో తీరు, జనగామ దిక్కు గడ్డం సమ్మయ్య గారికి 2024ల పద్మశ్రీ వచ్చింది గదా, ఆ కళే. అండ్ల చానా మేళాలు ఒక్క ఇంటోళ్లయే ఉంటయి, ఇంట్ల ఒకలు పోయిన్రంటే మొత్తం మేళమే మైలల ఉంటది, అప్పుడు కారణం అడుగుడు గాదు, పొయ్యి పలకరించి రావాలె. సురభి నాటకాలోళ్లు గుడ కుటుంబమే, 1885 సంది ఆడుతున్నరు, చిన్నప్పటిసంది అందరు అన్ని ఏషాలు నేర్సుకుంట పెరుగుతరు కాబట్టి మనిషి కొరత తక్కువ, వాళ్లకు ఆగిందంటే స్టేజీ ఎత్తు సరిపోలేదా, కరెంటు సరిపోలేదా, సీన్లు తెచ్చే లారీ రాలేదా అని చూడాలె.

పైసల ముచ్చట నేను లోకల్ గ చెప్పకుంట అమెరికాది చెప్త. 2012ల న్యూయార్క్ బ్రాడ్వేల, అంటే ఆడ పెద్ద పెద్ద నాటకాల హాళ్లుండే కాడ, 'రెబెక్కా' అని పెద్ద మ్యూజికల్ (పాటల నాటకం) రిహార్సల్స్ ఇగ మొదలైతయనంగ ఆగిపోయింది. దాదాపు 45 లక్షల డాలర్లు పెడ్తనన్న పెట్టుబడిదారు మలేరియాతోని సచ్చిపోయిండని కబురొచ్చింది, జనం అది నమ్మాల్నా వద్దా అని కొట్టుకున్నరు. ఆఖరికి తేలిందేందంటే ఆ మనిషి సచ్చిపోలే, అసలు పుట్టనేలేదు, మధ్యల ఉన్న ఒక బ్రోకరు ఉత్త పేర్లు పుట్టిచ్చిండు, కోర్టుల ఒప్పుకొని జైలుకు గుడ పోయిండు. దాంట్ల పాడాల్సిన ఆర్టిస్టుల తప్పు ఇసుమంత లేదు, కని పని పోయింది మాత్రం వాళ్లదే. మన దగ్గర గుడ అడుగాల్సింది గదే, అడ్వాన్సు ఎవలెవలికి ముట్టింది, డ్రెస్సులోళ్లకు ముట్టిందా, మేకప్ ఆయనకు ముట్టిందా. ఈ ఇద్దరికి ముట్టలేదంటే ఇగ కృష్ణుని గొంతు దిక్కు పోవుడు అక్కర్లేదు.

ఇవన్ని చూసినంక గుడ ఆర్టిస్టు కాన్నే ఆగుతే, అప్పుడు నేను చేసేది రెండే. ఒకటి, ఆ వారంల ఆయనకు వేరే ఊళ్ల ప్రోగ్రాం ఉన్నదా చూస్త, ఉంటే గొంతు మాట అబద్ధం. రెండు, లేకపోతే ఊకుంట. గొంతు పట్టుకున్నోనికి డాక్టరు చెప్పే మొదటి మందు మాట్లాడకుండుడు, అసొంటప్పుడు యాభై మంది ఫోన్ చేసి "గొంతు ఎట్లుందన్నా" అని అడుగుతే ఆయన ఎవలికని చెప్తడు. ఆడోళ్లయితే ఇంకా పాపం, కడుపుతోనున్నదట అన్న మాట ఎంత తేలిగ్గ అంటరో. 2016ల బ్రాడ్వేల 'షఫుల్ అలాంగ్' అనే మ్యూజికల్ ఆగినప్పుడు అండ్ల ముఖ్య ఏషం కట్టిన ఆడ్రా మెక్‌డొనాల్డ్ గర్భవతి అయింది కాబట్టే అని అందరి నోట్ల ఆమె పేరే. ఆమె సెలవు మీద పోతే ఇంకొకామెను పెడ్దామని ముందు అనుకున్నరు, ఆమె లేని రోజులకు టికెట్లు పోతలేవని లెక్క చూసుకొని ఆట బంద్ పెట్టింది ప్రొడ్యూసర్లు.

పలకరించాల్నంటే ఫోన్ చెయ్యకుండ్రి, మెసేజి పెట్టుండ్రి, కారణం అడుగకుంట. "అన్నా, నాటకం ఆగిందని తెలిసింది, మళ్ల ఎప్పుడు పెట్టినా మేము ముందు వరుసలనే ఉంటం" గింతే చాలు. జవాబు రాకున్నా మళ్ల పెట్టకుండ్రి.

మనమే ఒక తప్పు మాట అని ఉంటే, ఎవలికి అన్నమో వాళ్లకే పొయ్యి కాదని చెప్పాలె, అందరికి ఒక్కపారి చెప్తే ఆ నలుగురికి ముట్టదు. నేను అదే చాయ్ కాడికి పోయిన, ఇద్దరు దొరికిన్రు, చెప్పిన. ఇంకొకాయన హైదరాబాద్ పోయిండట, ఫోన్ల చెప్పిన. కరీంనగర్ దాక మోసినాయన ఎవలో ఇప్పటికి దొరకలే, ఆ ప్రోగ్రాం పెట్టిన కమిటీ పెద్దమనిషికైతే నేనే పొయ్యి చెప్పొచ్చిన, వచ్చే శివరాత్రికి పెద్దాయననే పిలుస్తమన్నడు.