ఎలుగుబంట్లు తిరిగే అడవిలో క్షేమంగా నడవడం ఎలా?

మహాశివరాత్రికి ముందు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తులు గానీ, చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం లోయలోకి దిగే యాత్రికులు గానీ నడిచేది ఎలుగుబంట్లు ఉండే నేల మీదే. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు చాలావరకు అమెరికా ఎలుగులను దృష్టిలో పెట్టుకొని రాసినవి కాబట్టి, తిండిని ఎక్కడ దాచాలన్న సంగతికే వాటిలో పెద్దపీట. మన ఎలుగు చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లతో బతికే జంతువు. మనిషిని తినడానికి రాదు. అకస్మాత్తుగా దగ్గరలో మనిషి ఎదురైనప్పుడు, పెద్దపులులున్న అడవుల్లో బతకడం నేర్చిన జంతువు కావడం వల్ల, పారిపోవడానికి బదులు మీదికి దూకుతుంది. అందువల్ల మన రాకను దానికి ముందే తెలియజేయడమే అసలు జాగ్రత్త.

1. వేళ చూసుకొని బయలుదేరండి. ఎలుగు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున, మునిమాపు వేళ తిరుగుతుంది. బాగా పొద్దెక్కాక, నలుగురైదుగురు కలిసి, అటవీశాఖ అనుమతించిన దారిలోనే నడవండి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తునికి పండ్ల కాలంలో ఆ చెట్ల కిందికి చీకట్లో వెళ్లకండి. కుక్కను వెంట తీసుకెళ్లవద్దు. అది ఎలుగును రెచ్చగొట్టి, తిరిగి యజమాని దగ్గరికే పరుగెత్తుకొస్తుంది.

2. చప్పుడు చేస్తూ నడవండి. ఎలుగుకు పైదవడలో నడిమి పళ్లు రెండు ఉండవు. పుట్టను గోళ్లతో తవ్వి, మూతిని కన్నానికి ఆనించి, ముందు మట్టిని ఊది, తరువాత ఆ పళ్ల సందులోంచి చెదపురుగులను జుర్రుకుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికీ వినిపిస్తుందంటే, ఆ హోరులో మన అడుగుల సవ్వడి దాని చెవిన పడకపోవడంలో వింత లేదు. చూపు కూడా అంతంత మాత్రమే. వాసన మాత్రం బాగా పసిగడుతుంది గానీ, గాలి మనకు ఎదురుగా వీస్తున్నప్పుడు మన వాసన ముందున్న ఎలుగుకు అందదు. కాబట్టి మలుపుల దగ్గర, పొదల మధ్య, వాగు హోరు వినిపించే చోట గట్టిగా మాట్లాడండి, చప్పట్లు కొట్టండి, కర్రతో రాళ్లను తట్టండి. 2023లో అలిపిరి మెట్ల దారిలో చిరుత దాడి జరిగాక తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. ఎలుగు విషయంలో ఆ కర్ర కొట్టడానికంటే చప్పుడు చేయడానికే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఇయర్‌ఫోన్లు సంచిలోనే ఉంచండి.

3. ఆనవాళ్లు గమనించండి. తడి ఆరని మట్టితో కొత్తగా తవ్విన పుట్ట, పండ్ల గింజలు నిండిన పెంట, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు కనిపిస్తే ఎలుగు దగ్గరలోనే ఉండవచ్చు. అక్కడ ఆగకుండా వచ్చిన దారినే వెనుదిరగండి. బండరాళ్ల మధ్య గుహల్లోకి తొంగిచూడవద్దు; పగలు అది పడుకునేదీ, చలికాలంలో పిల్లలను పెట్టేదీ అక్కడే.

4. దూరంగా కనిపిస్తే నెమ్మదిగా తప్పుకోండి. అది వెనుక కాళ్ల మీద నిలబడినంత మాత్రాన దాడికి సిద్ధమైందని కాదు. చాలాసార్లు ఏముందో చూడడానికీ, వాసన పట్టడానికీ అలా లేస్తుంది. పరుగెత్తకండి, రాళ్లు విసరకండి, ఫోటోల కోసం ఆగకండి. నెమ్మదిగా వెనక్కి అడుగులు వేస్తూ, అది వెళ్లిపోవడానికి దారి వదలండి. వీపు మీద పిల్లలను మోస్తున్న తల్లి అయితే మరింత దూరం జరగండి. చెట్టెక్కితే తప్పించుకోవచ్చన్నది భ్రమ. ఎలుగు చెట్లెక్కగలదు, పరుగులో మనిషిని మించిపోతుంది.

5. మీద పడితే ముఖాన్ని కాపాడుకోండి. ఎలుగు గాయాలు ఎక్కువగా తలకూ ముఖానికీ తగులుతాయి. వీపు సంచి తీయకుండా బోర్లా పడుకొని, ముఖాన్ని నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లను మెడ వెనుక పెనవేయండి. అది దూరంగా వెళ్లిందని రూఢి అయ్యేదాకా లేవకండి. తోటివారు ఒంటరిగా దగ్గరికి పోకుండా, గుంపుగా ఉండి పెద్దగా కేకలు వేయాలి.

6. గాయమైతే ఆలస్యం చేయకండి. రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయండి. చిన్న గీరుడైనా సబ్బు, నీళ్లతో బాగా కడిగి, రేబిస్, ధనుర్వాతం టీకాల కోసం ఆసుపత్రికి వెళ్లాలి. దాడి ఎక్కడ జరిగిందో అటవీ సిబ్బందికి వెంటనే చెబితే, వెనుక నడిచి వచ్చేవారిని సిబ్బంది అక్కడికి పోకుండా ఆపగలుగుతారు.